ఒక ఇల్లు ముందు

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలు చాలానే ఉన్నాయి. ఎక్కువగా బడి ఎగ్గొట్టడానికి ఆడినవే. ఒక్కటి మాత్రం పక్కింటి అక్క ఒడిలోని మూడు నెలల బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది. అది ఒప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేం ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. జమ్మలమడుగు నుంచి బస్సులో గాజుల తాత వచ్చి, అక్కా వాళ్ల అరుగు మీద తాడుకు గుచ్చిన గాజుల మలారం దించేవాడు. గాజులు తొడగడం నిదానమైన పని. ఎదురెదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెత్తగా నొక్కుతూ, మాటల్లో పెట్టి ఒక్కొక్కటీ ఎక్కించాలి. ఆ రోజు కాన్పుకు పుట్టింటికొచ్చి ఉన్న అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని చెయ్యి చాపింది. పులివెందుల నుంచి చూడ్డానికొచ్చిన ఆమె ఆడబిడ్డ పక్కన కూర్చుంది. నేను మలారం తాడు పట్టుకుని తాత ముందే ఉన్నాను.

"ఏం తాతా, చెయ్యి ఇట్ల కాల్తాంది?" అంది అక్క.

"ఎండమ్మా, ఎండ." ఆకూవక్కా ఇస్తే కూడా తీసుకోలేదు. "నోరంతా పొక్కింది, వద్దు తల్లీ."

రెండు రోజులకు కబురొచ్చింది, తాతకు మశూచి అని. మా వైపు ఆ పేరు ఎత్తరు, అమ్మ పోసింది అంటారు. ఆ మధ్యాహ్నమే నెరిసిన మీసాల టీకాలాయన సైకిలు నడిపించుకుంటూ మా వీధికి వచ్చాడు. తాత ఏయే ఇళ్ల ముందు కూర్చున్నాడో, ఎవరెవరు చేతులు చాపారో అడుగుతూ గడప గడపా తిరిగాడు. పసిబిడ్డకు టీకా అంటే భయపడ్డ అక్కా వాళ్లమ్మ సగం తలుపు తీసి, మా ఇంటికి రాలేదప్పా అని మూసేసింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఏం అబ్బీ, ఈ వరసలో గాజులెవరన్నా ఏపిచ్చుకున్యారా?"

పక్కిల్లు అంటే, అక్కడ ఎవరెవరున్నారని తప్పకుండా అడుగుతాడు. నా పేరూ చెప్పాలి. టీకా అంటే పళ్లున్న చిన్న బిళ్లను చేతి మీద పెట్టి తిప్పుతారని విని, అంతకు ముందు ఏడు మిద్దెక్కి దాక్కున్నవాణ్ణి నేను.

"ఎవురూ ల్యా," అన్నాను.

మర్నాడు ఆయన బజారులో ఒక అరుగు మీద కూర్చుని ఉంటే ఒక ముసలాయన ఎగతాళి చేస్తున్నాడు. "అమ్మ పోసినోడు జమ్మలమడుగులో ఉంటే, నువ్వు ఈడ ఆడోళ్ల గాజులు చూసుకుంటా తిరుగుతాండావు. నువ్వూ రెండు ఏపిచ్చుకుంటావా ఏందప్పా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఏపిచ్చుకుంటా లే మామా. ఆ తాత కాడ డాక్టరుండాడు. ఆ జబ్బు వచ్చిన ఇల్లు అందరికీ తెల్సు. అది పోబోయే ఇల్లు నాకు కావల్ల. దానికన్నా ఒకిల్లు ముందుండల్ల మనం. దగ్గర కూర్చున్నోళ్లకు మూడు నాలుగు దినాల్లో టీకా పడితే, శానా మటుకు ఆడికే నిల్చిపోతాది. దాటితే నా చేతిలో ఏం ల్యా."

వేళ్ల మీద లెక్కబెట్టాను. అది మూడో రోజు. తాత గాజులు ఎక్కిస్తుంటే బిడ్డ ఆయన వేలు పట్టుకుని వదలకపోవడం గుర్తొచ్చింది.

ఆయన సైకిలు వెనకే పోయి, సందు మలుపులో చెప్పేశాను. చెంపదెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆయన ఎందుకు దాచావని అడగలేదు. "ఇంగా ఎవరుండిరి ఆడ?" అన్నాడు, అంతే. అక్క, బిడ్డ అన్నాను. "ఇంగా?" అన్నాడు. నిన్ననే పులివెందుల బస్సెక్కిన ఆడబిడ్డ. "ఇంగా?" చివరికి, నేను.

అక్కా వాళ్ల గడప ముందు మొదట చాపిన చెయ్యి నాదే. ఏడ్చాను గాని వెనక్కి తీసుకోలేదు. అది చూసి వాళ్లమ్మ తలుపు రెండో రెక్క కూడా తీసి, అక్కనూ బిడ్డనూ పిలిచింది. పులివెందులకు ఆయన ఆ రోజే మనిషిని పంపాడు. తర్వాత వారమంతా ఏ ఇంట్లో కొత్త గాజులున్నాయో చూపిస్తూ నేను ఆయన సైకిలు ముందు నడిచాను. అమ్మ మా వరసలో ఎవరికీ పొయ్యలేదు. పులివెందుల నుంచీ మంచి కబురే వచ్చింది. బిడ్డ చేతి మీద టీకా పొక్కి, ఎండి, మచ్చ పడింది.

ఆయన ఆ రోజు ఎందుకు అని అడిగి ఉంటే నేను ఇంకో అబద్ధం వెతుక్కునేవాణ్ణి. ఎవరు అని మాత్రమే అడిగాడు కాబట్టి నిజం బయటికొచ్చింది. పిల్లల్ని పెంచినప్పుడు, మనుషులతో పని పడ్డప్పుడు ఆ తేడా మరిచిపోకుండా ఉండడానికి ప్రయత్నించాను. అన్నిసార్లూ చేతకాలేదు.

మరుసటి ఏడు గాజుల తాత మళ్లీ వచ్చాడు. ముఖమంతా గుంటలు. ఊరికి అమ్మను తెచ్చినోడు అనుకుంటూ ఆడవాళ్లు లోపలికి వెళ్లిపోయారు. భుజాన మలారంతో ఆయన వీధి మధ్యలో నిలబడిపోయాడు. గాజులు తొడిగిన రోజు తనకేమొచ్చిందో ఆయనకు తెలియదు. తెలిసి దాచినవాణ్ణి నేను. ఆ మలారం నా భుజానికెత్తుకుని, టీకాలాయనను తిప్పిన ఇళ్లన్నిటికీ తాతను తీసుకుపోయాను. ప్రతి గడప ముందూ ఒకటే మాట చెప్పాను: "తాతకు తెలీదు. దాచింది నేను."

మొదట ఆగింది అక్కా వాళ్ల అరుగు దగ్గరే. మళ్లీ పుట్టింటికొచ్చి ఉన్న అక్క నా మాట విని, వచ్చి తాత ముందు కూర్చుని చెయ్యి చాపింది. అప్పుడే నడక నేర్చిన బిడ్డ తప్పటడుగులతో వచ్చి ఆయన వేలు పట్టుకున్నాడు.