కండువా కింద తెగిన బేరం

నన్ను ఢిల్లీ విలేకరిగా ఎరిగినవాళ్లకు, ఆ రోజుల్లో నేను ఆర్మూరు పసుపు ధరలు రాసేవాణ్ణంటే నమ్మబుద్ధి కాదు. నిజాం సంస్థానం ఇండియాలో కలిసిన కొత్త. నాకు ఇరవై ఏళ్లు. దేశ రాజకీయాలు రాయాలని ఒకటే యావ. నా ఉత్తరాల పోరు పడలేక హైదరాబాద్‌లోని మా సంపాదకుడు, ఒక్క రాజకీయ వార్త సరిగ్గా పంపితే ఆఫీసులోకి తీసుకుంటానన్నాడు.

ఆ చలికాలంలో ఢిల్లీ నుంచి ఇద్దరు నాయకులు మా ఊరొచ్చారు. చెరో పార్టీ, బద్ధవిరోధులు. ఊళ్లో ఉన్నది ఒకటే బంగళా కనుక ఇద్దరూ అందులోనే దిగారు. పొద్దున్నే మా మేనమామతో వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. వరండాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పెద్దాయన శాలువా కింద ఇద్దరి చేతులూ కలిసి ఉన్నాయి! మా పసుపు అంగట్లో బేరం అట్లాగే జరిగేది. కొనేవాడూ, రైతు తరఫున సరుకు అమ్మిపెట్టే అడ్తిదారూ కండువా కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. నోట మాట ఉండదు. మామ పాతికేళ్లుగా అడ్తిదారు.

"మామా, బేరం తెగిందంటవా?"

"తెగింది పో అల్లుడా. మొఖాలు జూడు, ఏమన్న తెలుస్తుందా? గట్లుంటెనే తెగినట్టు."

ఇద్దరూ తలలూపి చేతులు తీశారు. ఇంకేం కావాలి? 'రెండు పార్టీల మధ్య ఒప్పందం: విశ్వసనీయ వర్గాల కథనం' అని రాసి బస్సులో పంపాను. (ఆ వర్గాలు మా మామే.) అచ్చయింది. మూడో రోజు హైదరాబాద్ రమ్మని కబురు. ఉద్యోగమే అనుకుని మామ కొత్త ధోవతి కొనిచ్చాడు.

సంపాదకుడు, ఆ నాయకులిద్దరూ నా వార్తను ఖండిస్తూ రాసిన రెండు ఉత్తరాలు నా ముందుకు తోశాడు. "పెద్దాయనకు జ్వరమట. రెండో ఆయన ఒకప్పుడు వైద్యుడు. నాడి చూసిండు. పది అడుగుల దూరంల ఉన్నవు, ఒక్క మాట అడిగినవా?"

"లేదండి."

"పోయి పసుపు ధరలే రాయి. అవన్నా అడిగి రాయి."

ఆ ధోవతితోనే తిరుగు బస్సెక్కాను. ఏడుపొచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ రెండు పార్టీలూ నిజంగానే కలిసిపోయాయి. "నేను గప్పుడే చెప్పలేదా?" అని మామ అంగడంతా చాటాడు.

తరువాత ఎప్పటికో ఢిల్లీ చేరాను. ముప్ఫై ఏళ్లు నాయకుల్ని అడిగే రాశాను. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినా తప్పులేమీ తగ్గలేదు. 'విశ్వసనీయ వర్గాలు' అని రాసిన ప్రతిసారీ గేటు దగ్గర నిలబడ్డ మామే గుర్తొచ్చేవాడు. ఇప్పుడాయన లేడు. ఆయన పక్కన కాగితం పట్టుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. వాణ్ణి ఇప్పటికీ తిట్టలేను.