రెక్కల మీది కళ్ళు

పిరనీస్ కొండల్లో ఒక చిన్న ఊళ్ళో రెమెయ్ అనే అమ్మాయి చర్చి ఊడ్చేది. మందపాటి రాతి గోడలు, చెయ్యి పట్టేంత కిటికీలు. దక్షిణపు కిటికీలోంచి దిగిన ఎండ బలిపీఠం వెనక గుండ్రటి గోడ మీద మెల్లగా పాకుతుంటే, ఎప్పటివో పాతకాలపు బొమ్మలు ఒక్కొక్కటే నిద్ర లేస్తున్నట్టుండేది. వాటిలో ఒక దేవదూతకు ఆరు రెక్కలు, రెక్కల నిండా కళ్ళు.

"నా కన్నెప్పుడూ నీ మీదే ఉంటుందే" అని చెప్పి తల్లి కన్నుమూసింది. అప్పటికి రెమెయ్ పసిది. ఆ కళ్ళు అమ్మవే అనుకుంది. పెద్దయ్యాక కాదని తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఊరి పండగల్లో అందరూ నాట్యమాడుతుంటే, అమ్మ చూస్తోందన్న బెరుకుతో గోడకు చేరగిలబడి చూసేది. గొర్రెల కాపరి బొనిఫాసి ఏటా కొండ దిగి రాగానే, "ఈ ఏడైనా ఊఁ అంటావా, నా గొర్రెల్నే కట్టుకోమంటావా?" అనేవాడు.

"అవి ఒప్పుకుంటే కట్టుకో," అని చీపురుతో లోపలికి పోయేది.

ఒక వేసవిలో పట్నం మనుషులొచ్చారు. దొంగల పాలు కాకుండా బొమ్మల్ని మ్యూజియంలో దాస్తామన్నారు. గోడకు జిగురుతో గుడ్డలు అంటించారు. ఆరాక లాగితే, పాల మీద మీగడలా బొమ్మ గుడ్డతో లేచి వచ్చింది. దేవదూతను చుట్టచుట్టి కంచరగాడిద మీద కట్టారు.

"మెల్లగా నాయనా, నలుగుతుంది," అంది రెమెయ్.

"పసిపిల్లలా తీసుకెళ్తామమ్మా. అక్కడ వేలమంది చూస్తారు," అన్నాడు మేస్త్రీ.

"చూసేది వాళ్ళు కాదయ్యా, తను."

వంతెన దాకా వెంట నడిచింది. గాడిద మలుపు తిరిగాక, ఎవరో దుప్పటి లాగేసినట్టు ఒళ్ళంతా చలేసింది.

మర్నాడు చూస్తే బోసి గోడ. చిత్రకారుడు రంగులు వేయకముందు గీసుకున్న ఎర్రటి గీతలు మాత్రం మిగిలాయి. రెక్కలున్నాయి, కళ్ళు లేవు. ముందు ఏడుపొచ్చింది. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డాక చీపురు పక్కన పెట్టి, చల్లటి రాతి నేల మీద, పండగ నాట్యంలోలా నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. ఆగి, ఇంకొకటి.

ఆకులు రాలే వేళ బొనిఫాసి దిగాడు. పలకరించి ఊరుకున్నాడు.

"ఈ ఏడు అడగవేం?"

"అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. గొర్రెలు కూడా నవ్వుతున్నాయి."

"అయితే నేనే అడుగుతున్నా."

బొనిఫాసి టోపీ తీసి, గొర్రెల వైపు తిరిగి, "విన్నారా?" అన్నాడు.

తొలి మంచు పడకముందే పెళ్ళయింది. ఆ సాయంత్రం రెమెయ్ ఆడుతుంటే ఊరంతా గుండ్రంగా చేరింది. అడుగు కలవక బొనిఫాసి ఆమె కాళ్ళు తొక్కుతూనే ఉన్నాడు.