బుగ్గమ్మ పెరట్లో పోతుపూలు

ఇబ్రహీంపట్నంలో బుగ్గమ్మ ఇంటి పెరడు పెద్దదేమీ కాదు. పొడవు ముప్పయి మూరలు, వెడల్పు పదహారు. యుద్ధం వల్ల ధరలు పెరిగి, పండిన ధాన్యంలో కొంత లెవీ కింద సర్కారుకు పోతున్న 1943లో, ఆ ఇంటికి రెండు పూటలా కూర ఆ కొద్ది నేలలోంచే వచ్చేది. భర్త పోయి ఆరేళ్లయింది. కొడుకు అంజిలయ్య చెరువు కింద పొలం చూసుకునేవాడు. పెరడు మాత్రం పూర్తిగా బుగ్గమ్మది.

ఆమెకు అక్షరం రాదు. కానీ పెరట్లో ప్రతి మొక్క ఉన్న చోటికీ ఒక కారణం ఉండేది. స్నానాల నీళ్లు జాలారి గచ్చు దాటి బయటికి రాగానే ముందు చేమ మడిలోకి, బచ్చలి పాదుకు పోయేవి. ఎక్కువ తడిని ఓర్చుకునేవి అవే. అక్కడ జోరు తగ్గిన నీరు వంగ మొక్కలకు చేరేది. మిరప అన్నిటికన్నా చివర, కాస్త ఎత్తు మీద ఉండేది, మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కనుక. తోటకూర గింజలను ఆమె ఎన్నడూ ఒకేసారి చల్లలేదు. పది రోజులకొక చిన్న మడి చొప్పున చల్లితే, ఒక మడి కోతకు వచ్చేసరికి రెండోది నాలుగాకులతో ఉండేది. చిక్కుడు కొసలకు పేను పట్టినప్పుడు మంచు ఆరకముందే జల్లించిన బూడిద చల్లేది. ఆరిన ఆకు మీద బూడిద నిలవదు. ఇరవై ఏళ్లుగా ఆ గల్లీలో ఎవరి పాదు వాడినా ముందు బుగ్గమ్మను పిలిచేవారు. ఆమె చెప్పింది చేసేవారు.

కోడలు యాదమ్మది తుక్కుగూడ. పద్దెనిమిదేళ్ల పిల్ల. పెళ్లయిన మూడేళ్లలో రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తరవాత ఆమె మాట్లాడటం దాదాపు మానేసింది. బుగ్గమ్మకు ఓదార్చే మాటలు చేతకావు. ఒక పొద్దున కోడలిని పెరట్లోకి పిలిచి, గుమ్మడి గింజలు అతికించిన పేడముద్దను గోడ మీంచి ఊడదీసి ఆమె చేతిలో పెట్టింది. తీగకు కాసిన రెండో కాయనో మూడో కాయనో విత్తనానికి వదిలి, బాగా ముదిరాక గింజలు తీసి, పేడలో అద్ది గోడకు కొట్టి ఎండబెట్టడం ఆమె పద్ధతి. అలా చేస్తే పురుగు ముట్టదు. మోకాలి లోతు గుంట, అందులో మాగిన పెంట, పైన పిడికెడు బూడిద; గింజను పక్కకు పడుకోబెట్టి వేలి కణుపంత లోతున పెట్టాలి. ఇంత వరకు చేసి చూపించి, ఆ మూడు పాదులు ఇక నీవేనని చెప్పింది.

యాదమ్మ రోజూ వాటి దగ్గరే కూర్చునేది. మొదట తీగ గురించి ఒకటి రెండు మాటలు వచ్చాయి. తీగ దడి ఎక్కేనాటికి ఆమె మిగతా సంగతులు కూడా మాట్లాడసాగింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. మృగశిరలో పెట్టవలసిన గింజలు పుష్యమి కార్తెలో పడ్డాయి. మునుపటి ఏళ్లలో బతుకమ్మ నాటికి కాయలు తయారై ఉండేవి. ఈసారి తీగ పూతకు వచ్చేసరికి పెత్రమాస వచ్చింది, ఆడపిల్లలు బతుకమ్మను పేర్చడం మొదలుపెట్టే రోజు. వాన చాలక తంగేడు, గునుగు కూడా పలచబడ్డాయి. దాంతో గల్లీ పిల్లలందరూ తెల్లవారగానే బుగ్గమ్మ దడి దగ్గరికి చేరారు.

గుమ్మడి తీగకు రెండు రకాల పూలు పూస్తాయి. ఒక రకానికి కింద గోలీకాయంత పిందె ఉంటుంది. రెండో రకం పొడుగాటి కాడ మీద ఉత్త పువ్వుగా నిలబడుతుంది. వాటిని పోతుపూలంటారు. అవి కాయ కావు కనుక దేనికీ పనికిరావని అందరి లెక్క. బుగ్గమ్మ లెక్క కూడా అదే. రోజూ పొద్దున్నే పోతుపూలన్నీ, ఒక్కటి మిగలకుండా, తెంపి పిల్లల బుట్టల్లో పోసేది. యాదమ్మ పక్కన నిలబడి, పిందె ఉన్న పూలను వేలితో చూపి వాటిని ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పేది.

ఐదో రోజు పిందెలు పసుపుబారాయి. ఆరో రోజుకు పదకొండు రాలాయి.

బుగ్గమ్మ ఆడబిడ్డ నర్సింహమ్మ పండుగకు బడంగ్‌పేట్ నుంచి వచ్చి అక్కడే ఉంది. భర్తకు అక్క కావడం చేత ఆ ఇంట్లో ఆమె మాటకు బరువు ఎక్కువ. పిందెకు నిటారుగా వేలు చూపితే కుళ్లి రాలుతుందని ఊళ్లో గట్టి నమ్మకం. చూపక తప్పకపోతే వేలు మడిచి కణుపుతో చూపుతారు. యాదమ్మ పిల్లలకు వేలు చాపి చూపడం నర్సింహమ్మ రెండుసార్లు చూసింది.

"ఆమె కడుపుల నిలుస్తలేదు, ఆమె ఏలు వడ్డ తీగె మీద నిలుస్తలేదు" అంది. "ఇంకేం గావాలె బుగ్గమ్మా నీకు? దసరా ఎల్లంగనే నా బండ్లె ఎక్కించు. తుక్కుగూడల దించి పోత."

దించి పోవడమంటే ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. అలా దించిన పిల్లను మళ్లీ పిలుచుకు రావడం అరుదు. నర్సింహమ్మ అంజిలయ్యను అడిగితే అతను ఎద్దు మెడ మీది కాడి రాపిడికి మందు రాస్తూ తలెత్తలేదు. యాదమ్మ ఆ పూట నుంచి పెరట్లో అడుగు పెట్టలేదు. పిందెలు రాలడం బుగ్గమ్మ కళ్లారా చూస్తున్నదే, కారణం మాత్రం ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం ఊరి అవతలి కొస నుంచి హుసేన్‌బీ వచ్చింది. బుగ్గమ్మ ఇచ్చిన గింజలనే ఆమె తన వాకిట్లో పెట్టుకుంది. పిందెలన్నీ నిలిచి ఊరుతున్నాయని, బరువెక్కితే పందిరి వంగకుండా కింద ఏం ఆనించాలని అడగడానికి వచ్చింది. వరిగడ్డి చుట్టలు పెట్టమని చెప్పి బుగ్గమ్మ ఆగిపోయింది. గింజ ఒకటే, నాటిన వారం ఒకటే. అక్కడ ఎవరి చెయ్యి మంచిదైందని ఆమె మనసులో తర్కించుకుంది. నీళ్లు ఎన్ని పోస్తున్నావని అడిగింది, పెంట ఎంత వేశావని అడిగింది. తేడా కనిపించలేదు. చివరికి పూలను ఏం చేస్తున్నావని అడిగింది.

"పువ్వులా?" హుసేన్‌బీ నవ్వింది. "మేమేమన్న బతుకమ్మ ఆడుతమా బుగ్గమ్మక్కా? తీగె మీదనే ఎండి రాలుతయి. పొద్దుగాల ఈగలు మాత్రం మస్తు ముసురుతయి."

మర్నాడు బుగ్గమ్మ అందరికన్నా ముందు లేచి పాదుల దగ్గర కూర్చుంది. ఒక తేనెటీగ పోతుపువ్వులోంచి పసుపు పొడి పూసుకుని లేచి, పిందె ఉన్న పువ్వులో దిగింది. అది మళ్లీ లేచేదాకా ఆమె కదలలేదు. పిల్లలు బుట్టలతో వచ్చేసరికి ఆమె ఇంకా అలాగే కూర్చుని ఉంది. వాళ్ల వెనక తల్లులు వచ్చారు. నర్సింహమ్మ పళ్లపుల్ల నములుతూ గుమ్మంలోకి వచ్చింది.

"ఈ పొద్దు పూలు లెవ్వు" అని బుగ్గమ్మ అందరికీ వినిపించేలా చెప్పింది. "వదినే, పిల్ల ఏలు గాదు, నా చెయ్యి. ఆరొద్దుల సంది పోతుపూలన్ని నేనే తెంపి పంచిన. మొగడు లేని తీగెను పిందె నిలుపుమంటె యాడ నిలుపుతది?"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె, ఇన్నేళ్లూ ఊరికి చెప్పినదానివి నీకే తెలియకపోయెనా అని దెప్పింది. తెలియలేదని బుగ్గమ్మ ఒప్పుకుంది. నర్సింహమ్మ మాత్రం నవ్వలేదు. కోడలిని వెనకేసుకొస్తున్నదని అంది.

అప్పుడు బుగ్గమ్మ యాదమ్మను లోపలి నుంచి పిలిచింది. ఆ పొద్దున పిందెతో విచ్చిన పూలు ఏడు ఉన్నాయి. మూడింటికి ఈగ దూరకుండా మోదుగాకు దొప్పలు కప్పి నారతో కట్టింది. వాటి వైపు ఎవరూ వేలు చూపకూడదని చెప్పింది. తరవాత ఒక పోతుపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పసుపు పొడి ఉన్న నడిమి కాడను యాదమ్మ చేతికిచ్చి, మిగిలిన నాలుగు పూల లోపల మెత్తగా తాకించమంది. యాదమ్మ తాకించింది.

"ఇగ ఏలు సూపు బిడ్డా" అంది బుగ్గమ్మ. "మడువకు. సక్కగ సూపు. నాలిగింటికి."

యాదమ్మ వేలు మడిచే ఉంచింది. ఆ నాలుగూ రాలితే తాను బండి ఎక్కవలసిందేనని ఆమెకు తెలుసు. యాదమ్మ పెద్దయ్యాక చెప్పుకున్నదాని ప్రకారం, ఆ క్షణంలో అత్త మీద ఆమెకు కోపమే వచ్చింది. బుగ్గమ్మ ఆమె మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించింది. యాదమ్మ వేలు చాపి ఒక్కొక్క పిందెనూ చూపింది.

రెండు రోజులకు సద్దుల బతుకమ్మ అయింది. దసరా అయింది. పిల్లలకు బుగ్గమ్మ రోజుకు ఐదారు పోతుపూలు మాత్రం ఇచ్చి, మిగతావి తీగకే ఉంచింది. వాళ్ల మూతులు ముడుచుకున్నాయి. యాదమ్మ పాదులకు నీళ్లు పోసేది కానీ పిందెల వైపు చూసేది కాదు. చూసి రావడం అంజిలయ్య పనైంది. పొలానికి పోయే ముందు పెరట్లోకి తొంగిచూసి, భార్యకు నాలుగు వేళ్లు ఎత్తి చూపి వెళ్లేవాడు.

దసరా మర్నాడు ఎండ ఎక్కాక నర్సింహమ్మ బండి కట్టించింది. మూట బండిలో వేశాక ఒక్కతే పెరట్లోకి నడిచింది. బుగ్గమ్మ వెనకే వెళ్లింది. దొప్పల కింది మూడు పిందెలూ పసుపుబారి, ముట్టుకుంటే రాలేలా ఉన్నాయి. వేలు చూపిన నాలుగూ పిడికిలంత అయ్యి, నూగుతో ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నర్సింహమ్మ వంగి ఒక్కొక్కదాన్నీ చూసింది.

తన పెరట్లో కూడా రెండేళ్లుగా పిందె నిలవడం లేదని అంది. తన ముగ్గురు మనవరాళ్లూ బతుకమ్మకు పూలన్నీ ఊడ్చుకుపోతారని ఆగి ఆగి చెప్పింది. తరవాత గుమ్మం వైపు తిరిగి యాదమ్మను పేరు పెట్టి పిలిచింది.

"ఆ పువ్వు తాకిచ్చుడు జర నాకు సూపియ్యి" అంది.

యాదమ్మ తీగ వైపు చూసి, పూలన్నీ ముడుచుకున్నాయని చెప్పింది. అది తెల్లవారుజామున విచ్చినప్పుడే చేయాలి, పొద్దెక్కితే కుదరదు.

నర్సింహమ్మ ఎడ్లను విప్పమని బయటికి కేకేసింది.