లేడీస్ గేటు ఐలవ్వ

"గీ సౌండుకు పిల్ల చెవులు ఖరాబైతే ఎట్లవ్వా?"

మెదక్‌లోని పాత టాకీసు లేడీస్ గేటు ముందు, ఎనిమిది నెలల సహస్రను గుండెకు హత్తుకుని నిలబడింది అరుణ. ఇంటర్ బైపీసీ రోజుల్లో ప్రాక్టికల్స్ ఎగ్గొట్టి చూసిన కాలేజీ ప్రేమ సినిమాను ఇక్కడ మళ్లీ వేస్తున్నారు. ఈ ఒక్క ఉదయం ఆటే. పాప పుట్టాక అరుణ తనకోసం కోరుకున్నది ఇదొక్కటే. అయినా కాళ్లు లోపలికి పడటం లేదు. ఫోన్‌తో లోపలి శబ్దం కొలుస్తూ ఉంది.

"గా ఫోన్ పక్కకు పెట్టు బిడ్డా," అంది గేటు చూసే ఐలవ్వ. "రికార్డు బుక్కు చున్నీల దాసుకొని ఉరికొచ్చేటిదానివి నువ్వే గదా?"

"గుర్తున్ననా అవ్వా?"

"మొకాలు మర్సిపోత గని, ఉరుకుడు మర్సిపోను."

ముప్పై ఏళ్లుగా ఐలవ్వ స్టూలు తలుపు బయటే ఉంది. ఒక్క సినిమా కూడా కూర్చుని చూడలేదు, అన్నీ చెవులతోనే చూసింది. ఫైటు ముందరి సంగీతం మొదలవగానే తలుపు తీసి చంటిపిల్లల తల్లులను వరండాలోకి పిలుస్తుంది. పాటకు మళ్లీ లోపలికి పంపుతుంది. తన ఇద్దరు కొడుకులనూ ఆ వరండాలోనే చీర ఉయ్యాలలో పెంచింది.

అరుణను లోపలికి తీసుకెళ్లి, స్పీకర్లకు దూరంగా, తలుపు పక్క కుర్చీ చూపించింది. తెరమీద వాన, కాలేజీ మెట్లు, సైకిళ్లు. పక్కన స్నేహితురాలు అంకిత ఉన్నట్టే, ఆమె చేతులకు ల్యాబు ఫార్మలిన్ వాసన ఇంకా వస్తున్నట్టే అనిపించింది అరుణకు. ఒళ్లో పాప బరువు కూడా కలలోలా తేలిగ్గా ఉంది.

తలుపు సందులోంచి వెలుగు పడింది. "రా బిడ్డా, కొట్లాట వస్తున్నది."

వరండాలో పాప నిద్రపోయింది. లోపల ఫైటు అయిపోయి, చివరి పాట మెల్లగా మొదలైంది. ఆ పాట కోసమే అప్పట్లో అదే సినిమాకు మూడుసార్లు వచ్చింది అరుణ. ఇప్పుడు మాత్రం సంచి భుజానికేసుకుంది.

"ఇంటికి పోత అవ్వా."

"అసలు పాట ఇడిసిపెట్టా? పండుకున్నది గదనే!"

"లేస్తదేమో."

ఐలవ్వ సంచి లాక్కుని, తలుపు తెరిచి పట్టుకుంది. అరుణ లోపలికి నడిచింది. పాట మొత్తం చూసింది.

అప్పటి నుంచి అరుణ పెళ్లిళ్లకు వెళ్లినా, బస్సెక్కినా, ఏడుపాయల జాతరకు పోయినా, ఆ రోజు తలుపు పట్టుకుని ఐలవ్వ అన్న మాటే పాటిస్తోంది:

"ఏడిస్తే బయటికి రా బిడ్డా. ఏడుస్తదేమోనని రాకు."