మాటలకు తోకలు కట్టిన రోజమ్మ సిస్టర్

తొలకరి పడగానే సూర్యాపేటలో రోడ్డు పక్కన మొక్కజొన్న బండ్లు వెలుస్తాయి. నిన్న సాయంత్రం మందుల దుకాణం నుంచి వస్తుంటే ఒక బండి దగ్గర కంకులు అయిపోయినట్టున్నాయి, బండామె ఎండు గింజలు పెనం మీద పోసి వేయిస్తోంది. చిటపటమంటూ, మాడీ మాడకుండా వేగుతున్న ఆ గింజల వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. అది కోదాడలో రోజమ్మ సిస్టర్ వంటగది వాసన. లూసియా, పోయిన వారం ఫోన్లో ఈ అమ్మమ్మను నువ్వు అడిగావు కదా, "అబుయేలా, నీకు మా భాష ఎవరు నేర్పారు?" అని. అంతలో నీ తమ్ముడు మార్కో ఏడుపు అందుకున్నాడు, మాట తెగిపోయింది. ఇప్పుడు చెప్తాను. మీరిద్దరూ ఆమెను చూడలేదు. ఇది మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

నీకప్పుడు నాలుగేళ్లు. మార్కో ఇంకా మీ అమ్మ కడుపులోనే ఉన్నాడు. మంచం దిగకూడదనీ, కాన్పయ్యేదాకా దవాఖానలోనే ఉండాలనీ అక్కడి డాక్టర్లు మీ అమ్మతో చెప్పారు. మీ నాన్న పొద్దున పనికి పోతే సాయంత్రం వస్తాడు. పగలంతా నిన్ను చూసుకోవడానికి నేను స్పెయిన్‌లో మీ వాలెన్సియా రావాలి. విమానం ఎక్కడానికి నాకు భయం లేదు. నీతో ఒంటరిగా ఉండడానికే భయం. నీకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. అప్పటిదాకా మనిద్దరి మధ్య ప్రతి మాటా మీ అమ్మ నోటి మీదుగానే నడిచేది. ఆమె లేని ఇంట్లో నీకు కడుపు నొప్పి వస్తే నాకెట్లా తెలుస్తుంది? అమ్మ కావాలని ఏడిస్తే ఏమని ఊరడించాలి?

మీ నాన్న నా ఫోన్లో ఒక యాప్ పెట్టించాడు. అది రోజూ ఆపిల్ పండు, గుర్రం, చొక్కా అంటూ ఒక్కో మాటా చెప్పేది. పొద్దున నేర్చినవి మాపటికి ఉండేవి కావు. మిర్యాలగూడలో మన రైస్ మిల్లు నుంచి అప్పుడే వచ్చిన మీ తాతయ్య, చెప్పులు విప్పుతూ నా అవస్థ చూసి నవ్వారు.

"గుర్రం పేరు నేర్సుకొని ఏం జేస్తవే? మనుమరాలిని గుర్రమెక్కిచ్చి తిప్పుతవా?"

"నవ్వకు. ఆ పిల్లకు ఆకలైతుందో, నొప్పి లేస్తుందో నాకు సమజ్ గాకపోతే ఎట్ల?" అన్నాను. ఆయన నవ్వు ఆపి, చెప్పులు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు.

పక్కింటి టీచరమ్మ చెప్పింది సిస్టర్ గురించి. చిలుకూరు ఆమె. చిన్న వయసులోనే మఠంలో చేరి, నర్సుగా బొలీవియా అనే దేశానికి పోయి, వయసంతా అక్కడే గడిపి వచ్చారట. అక్కడ మాట్లాడేదీ స్పానిషేనట. ఇప్పుడు కోదాడలో తోటి సిస్టర్లతో ఉంటున్నారట. మరునాడే బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఆమె వంటగదిలో మొక్కజొన్న గింజలు వేయిస్తున్నారు. సన్నటి మనిషి. మాట మాత్రం గట్టిది. నా గోడు విని తల అడ్డంగా ఊపారు.

"నేను నర్సునమ్మా, టీచర్ని కాదు. నాకే ఎవరూ నేర్పలేదు. మీకేం నేర్పుతాను?"

"జర కోపం జేయకున్రి సిస్టరమ్మా. నాకు పుస్తకాలు సదివే స్పానిష్ వద్దు. పిల్ల ఏడిస్తే ఎందుకు ఏడుస్తుందో తెలిస్తే సాలు."

ఆమె పొయ్యి ఆర్పి, గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, స్టూలు జరిపి కూర్చోమన్నారు.

"తినండి. దీన్ని అక్కడ మయీస్ అంటారు. ఇది పండే చేను మైసాల్. బియ్యాన్ని అర్రోస్ అంటారు. ఇప్పుడు చెప్పండి, వరిచేనును ఏమనాలి?"

నోట్లో గింజ పంటికింద ఆగిపోయింది. "అర్రోసాల్?" అన్నాను.

"ఉంది! ఆ మాట ఉంది. నేను చెప్పలేదు, మీరే చేసుకున్నారు" అని చప్పట్లు కొట్టారు.

పుట్టినప్పటి నుంచి వడ్ల మధ్య బతికినదాన్ని. ఎక్కడో సముద్రాల అవతల వరిచేనుకున్న పేరు నా నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. ఇంకొకటి అడగమన్నాను చిన్నపిల్లలాగా. నరాంహ అంటే నారింజ అన్నారు. నరన్‌హాల్ అంటే నారింజ తోట అని నేనే చెప్పాను.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా కోదాడ బస్సే. మాటలో ముందుండే భాగాన్ని ఆమె వేరు అనేవారు, వెనకుండేదాన్ని తోక అనేవారు. "వేరు గట్టిగా పట్టుకోండి. తోకలు కొన్నే ఉంటాయి, మార్చి మార్చి కట్టుకోవచ్చు" అనేవారు. నాకు అర్థం కాకపోతే మన వైపు సంగతులే తీసేవారు. "గరిడేపల్లి, వాడపల్లి. ఎన్నడూ పోనివాడికి కూడా చివర పల్లి వినపడితే ఊరని తెలుస్తుంది కదా? అట్లాగే అక్కడ చివర 'ఎరీయా' వినపడితే చాలావరకు దుకాణం. సపాతో అంటే బూటు, సపతెరీయా బూట్ల దుకాణం. మరి చివర 'ఏరో' పెడితే, సపతేరో అంటే?"

"బూట్లు కుట్టేటాయన. మన కిరాయిదారు, చౌకీదారు లెక్క" అన్నాను.

"అబ్బో, దారు! ఇన్నేళ్లలో నాకు తట్టలేదు చూడండి" అని ఆమె ఎంతో సంబరపడ్డారు. మొలీనో అంటే మిల్లని తెలిసిన రోజు ఇంటికొచ్చి మీ తాతయ్యను "మొలినేరో గారూ" అని పిలిచాను. ఆయనకు తిట్టో పొగడ్తో తెలియక, అన్నం తిన్నంతసేపూ నా మొహం చూస్తూనే ఉన్నారు.

ప్రయాణం దగ్గర పడేకొద్దీ నాకు మళ్లీ గుబులు మొదలైంది. నేను చేసుకున్న మాట అసలు లేకపోతే? అందరూ నవ్వితే? ఆ రోజు సిస్టర్ తన సంగతి చెప్పారు. బొలీవియా పోయిన కొత్తలో తప్పు మాట్లాడతానేమోనని ఆమె నోరే విప్పేవారు కాదట. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లులకు మందిచ్చి, తల దించుకునేవారట. దవాఖాన గేటు దగ్గర మొక్కజొన్నలు వేయించి అమ్మే ఒకావిడ ఒకనాడు ముఖం మీదే అడిగేసిందట, "మేమంటే నీకు అంత చీదరా?" అని.

"నాది భయం. వాళ్లకది పొగరులాగా కనపడింది. ఆనాటి నుంచి నోటికొచ్చిన మాట కట్టేదాన్ని, కట్టి వాళ్లనే అడిగేదాన్ని, ఎక్సిస్తే? అని. అంటే ఉందా అని. లేదంటే ఉన్న మాటేదో వాళ్లే చెప్పేవాళ్లు. చెప్పడానికి నా పక్కన కూర్చునేవాళ్లు. మీరూ అడగండి. ఆ పిల్లనే అడగండి."

"నాలుగేండ్ల పిల్లనా?"

"ఆమె భాష కదా. ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

వాలెన్సియాలో మొదటి రోజులు నీకు గుర్తుండకపోవచ్చు. మీ అమ్మ చున్నీ చుట్టుకుని సోఫా వెనక కూర్చునేదానివి. నేను కంచం తెస్తే గోడవైపు తిరిగేదానివి. నేను కూడా అంతే. అన్నీ నోటి దాకా తెచ్చుకుని మింగేసేదాన్ని. పాలు కావాలా అన్న ఒక్క మాట తప్పిస్తే ఇల్లంతా నిశ్శబ్దం. సాయంత్రం మీ నాన్న వచ్చి నిన్ను ఎత్తుకుంటే, అప్పుడు ఏడ్చేదానివి. ఆ పగలంతా దాచుకున్న ఏడుపు వింటూ నేను వంటింట్లో నిలబడేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేదు. పూలమ్మేవాడి దగ్గరికి పోయి మీ అమ్మకు పూలు కొందామని చెప్పాలనిపించింది. పువ్వు ఫ్లోర్ అని తెలుసు. సపతేరోకున్న తోకే కట్టాను. "లూసియా, ఫ్లొరేరో! ఫ్లొరేరో, మమా!" అన్నాను, చేతులు ఊపుతూ. నువ్వు సోఫా వెనక నుంచి తొంగి చూశావు. లేచి అలమర దగ్గరికి పోయి, నీకంటే బరువున్న గాజు కూజా ఒకటి పొట్టకు అదుముకుని తెచ్చి నా ముందు పెట్టావు. నేను బిత్తరపోయి, "ఎక్సిస్తే?" అన్నాను.

"సీ! ఫ్లొరేరో!" అని కూజాను వేలితో టకటక కొట్టి చూపించావు. సీ అంటే అవును. ఫ్లొరేరో అంటే పూలు పెట్టుకునే కూజా అన్నమాట. పూలమ్మినట్టు అభినయించి చూపిస్తే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఫ్లోరీస్తా, అబుయేలా" అన్నావు, ఇంత కూడా తెలియదా అన్నట్టు. నాతో నువ్వు మాట్లాడిన మొదటి మాటలు అవి.

ఇగ ఆ తర్వాత నువ్వు ఆగలేదు. నేను మాట కట్టాలి, నువ్వు కళ్లు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పాలి. అర్రోసాల్ ఉందన్నావు, కానీ నాలుక పళ్ల మధ్య పెట్టి మీ ఊరి తీరుగా అనే దాకా వదల్లేదు. ఇడ్లీ దుకాణానికి ఇడ్లెరీయా అన్నాను. నేల మీద దొర్లి దొర్లి నవ్వి, లేదన్నావు. ఎలాదో అంటే ఐస్‌క్రీమ్ అని నువ్వు చెప్పిన రోజు నేను మెల్లగా, "ఎలదెరీయా, ఎక్సిస్తే?" అన్నాను. నువ్వు నా చూపుడు వేలు పట్టుకుని వీధి చివరిదాకా నడిపించుకుపోయి, ఆ మాటే ఉన్న దుకాణం బోర్డు చూపించావు.

అక్కడ బల్ల మీద కూర్చుని, ఐస్‌క్రీమ్ చేతి మీద కారిపోతుంటే, కిందికి చూస్తూ అడిగావు. "మమా బుయెల్బే?"

అమ్మ తిరిగొస్తుందా, అని. ఆ మాటకు నేను ఏ తోకా వెతుక్కోలేదు. జబ్బు మనిషి ఇంటి పిల్లలు అన్నింటికంటే ముందు అడిగేది అదేనని సిస్టర్ నాకు ముందుగానే నేర్పించి పంపారు. "సీ. మమా బుయెల్బే. బెబేతో బుయెల్బే" అన్నాను. బెబే అంటే పసిబిడ్డ. మధ్యలో 'తో' అని తెలుగు దొర్లింది. నువ్వు సరిదిద్దలేదు. నా కొంగుకు చేతులు తుడుచుకుని, నా మోచేతికి ఆనుకుని కూర్చున్నావు. ఇంటికొచ్చి పప్పన్నం తిన్నావు. మీ అమ్మ మార్కోను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చిన రోజు, ఎదురుపోయి నువ్వే చెప్పావు, నేను చెప్పిన మాట నిజమైందని.

తిరిగొచ్చాక పోయి సిస్టర్‌కు అన్నీ చెప్పాను. ఆమె విని, "మీరు కట్టిన మాటలు సరే. ఆ పిల్ల ఏమైనా కట్టిందా?" అని అడిగారు.

"కట్టింది సిస్టరమ్మా. పప్పు కొంచెం చాలంటే పప్పీతో అంటది."

చిన్నదాన్ని ముద్దుగా చెప్పే వాళ్ల తోక, మన పప్పుకు. ఆమె కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. "నేను అక్కడ అన్నేళ్లున్నాను, ఇది నాకు చేతకాలేదమ్మా" అన్నారు. ఆ మరుసటి ఏడే ఆమె పోయారు. కోదాడలో ఆ ఇంటికి మళ్లీ పోలేదు, పోవాలనిపించలేదు.

మొన్న మీ తాతయ్యతో మిర్యాలగూడ మిల్లుకు పోయాను. బీహార్ నుంచి కొత్తగా వచ్చిన ఒకామె అక్కడ ఊక ఎత్తుతోంది. ఎవరితోనూ కలవదు, పొగరుమోతని మిగతా ఆడవాళ్లు నాతో చెప్పారు. నేను పోయి ఊకను చూపిస్తే భూసీ అంది, ముఖం ఎత్తకుండా. నాకు తెలిసిన కొద్దిపాటి హిందీతో దానికో తోక కట్టి, ఊక బస్తాలు మోస్తున్న మనిషిని చూపిస్తూ, "భూసీవాలా? హై క్యా?" అన్నాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తట్ట కిందికి దించి, నా పక్కన కూర్చుని, వాళ్ల ఊళ్లో ఏమంటారో చెప్పడం మొదలుపెట్టింది.