తొమ్మిది కాళ్ళ పీత

కాగితంతో పీతను చేస్తున్నానని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "వండుకోడానికి పనికిరాని పీతెందుకురా?" అని.

మేముండేది వన్ టౌన్‌లో. ఇంట్లో భోజనాల బల్ల ఒకటే ఉంది. దాని మీద మూడు వారాలపాటు మూరెడు పైచిలుకు చదరపు కాగితం పరిచి ఉంటే, అమ్మా నాన్నా నేనూ నేల మీద కూర్చుని తిన్నాం. పల్చటి కాగితం, కానీ గట్టిది. మన ఊళ్ళో దొరకదు. తెలిసినవాళ్ళ చేత తెప్పించుకుంటే ఒక్కటే వచ్చింది. ఇదంతా రుషికొండలో ఒక ఆదివారం జరిగే కాగితపు బొమ్మల ప్రదర్శన కోసం. రెండు నెలల ముందే వెళ్ళి అడిగాను. సొంతంగా రూపకల్పన చేసిన బొమ్మ ఉంటేనే టేబుల్ ఇస్తామన్నారు. ఉందనేశాను. అప్పటికి లేదు.

అంతవరకూ నేను చేసినవన్నీ ఎవరివో క్రీజ్ ప్యాటర్న్‌లు చూసి మడిచినవే. పూర్తయిన బొమ్మను మళ్ళీ మొత్తం విప్పేస్తే కాగితం మీద మిగిలే గీతల పటమే క్రీజ్ ప్యాటర్న్. ఎర్రగీత దగ్గర మడత పైకి లేవాలి, నీలిగీత దగ్గర లోపలికి పోవాలి. ఏది ముందో ఏది తర్వాతో ఎవరూ చెప్పరు. ఊరి పటం చేతిలో పెట్టి, ఏ బస్సో చెప్పకుండా, సాయంత్రానికి వచ్చెయ్ అన్నట్టుంటుంది.

ఈసారి గీతలు నావి. పీతకి ముందు రెండు పెద్ద చేతులు, నడవడానికి ఆరు కాళ్ళు, వెనక తెడ్డుల్లాంటివి రెండు, మొత్తం పది. ఒక్కోదానికి కాగితంలో ఒక్కో వృత్తం కేటాయించాలి, ఆ మేర కాగితమే మడతల్లో కాలవుతుంది. కాలు పొడుగైతే వృత్తం పెద్దది. ఒకదాని మీదికొకటి ఎక్కకుండా పదింటినీ చదరంలో సర్దడానికి నెల పట్టింది. ఆ నెలంతా మా వీధిలో చేపలమ్మే పిన్ని తన బేసిన్‌లోంచి పీతల్ని తీసి ఇస్తే, స్కేలు పెట్టి కొలుచుకున్నాను.

"కొలతలు తీసి దీనికి జాకెట్టు కుడతావేటిరా?" అనేది.

గురువారం పొద్దున్న గీతలన్నీ ముడుచుకున్నాయి. నిజంగా అలాగే జరుగుతుంది. రెండు గంటలపాటు ఏమీ జరగదు, తర్వాత కాగితం చేతుల్లో ప్రాణమున్నట్టు కదిలి ఒక్కసారిగా దగ్గరకొచ్చేస్తుంది. అమ్మను పిలుద్దామనుకుని, ముందు కాళ్ళు లెక్కపెట్టాను.

తొమ్మిది.

అటువైపు నుంచి మొదలుపెట్టి చూశాను. అటునుంచీ తొమ్మిదే. పటం తీసి వృత్తాలు లెక్కపెట్టాను. పది. కాగితం ఎక్కడా చిరగలేదు. ఊడి పడిపోవడానికి ఇదేమీ చొక్కా బొత్తాం కాదని తెలిసి కూడా బల్ల కిందికి వంగి వెతికాను.

"ఏటి పోయిందిరా?" అంది అమ్మ వంటగదిలోంచి.

"కాలు."

"ఎవరిది?"

ఈలోగా పిన్ని వచ్చి బేసిన్ గుమ్మంలో దింపింది. "ఏటిరా, నీ పీత అయిపోయిందా?"

"అయింది పిన్నీ. ఒక కాలు కనబడతం లేదు."

"తెగిపోయిందా?"

"లేదు. ఉంది. ఎక్కడుందో తెలీదు."

"మా మరిది ఉజ్జోగంలాగుంది," అని, చేతులు కొంగుకి తుడుచుకుని, పీతను అందుకుంది. పైభాగం వైపు కన్నెత్తి చూడలేదు. "పీతని మీదనుంచి సూత్తారేటి? ఎల్లకిలా తిప్పాల," అని తిప్పింది. పొట్ట మీద సన్నటి రేకొకటి వెనకనుంచి ముందుకి మడతపడి, అతికినట్టు పడుకుని ఉంది.

"పోతు," అంది పిన్ని.

"ఏటి?"

"పోతు పీత. ఈ రేకు సన్నంగుంటే పోతు, ఎడల్పుగుంటే పెంటి. మిగతాది ఎలగున్నా, ఇది మాత్రం బాగా పెట్టేవురా."

నేనేమీ పెట్టలేదు. అది ఎడమ వెనక కాలు. పైకి లేవాల్సిన గీత ఏదో లోపలికి పోయినట్టుంది, ఏదన్నది తెలియదు.

"పిన్నీ, అది కాలు."

"కాలు పొట్ట మీదెందుకుంటాది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. తెలీకుండా వచ్చేసింది."

పిన్ని అలమరలో ఉన్న నా పాత బొమ్మల కేసి ఒకసారి చూసింది. "తెలిసి సేసినవి అలగున్నాయి మరి."

"దాన్ని బయటికి లాగీనా?"

"ఒగ్గీ. సిరిగిపోద్ది. మా పీతలకీ ఒకోటి ఊడిపోద్ది, మళ్ళీ మొలుత్తాది."

నాది మొలిచే రకం కాదు. ఆవిడ వెళ్ళాక చిన్న పట్టకారుతో రేకు కొసను కొంచెం ఎత్తి చూశాను. మొదలు దగ్గర కాగితం నూగులా లేచింది. ఇంకో లాగుకి చిరుగుతుంది. పట్టకారు పక్కన పెట్టేశాను.

ఆదివారం నా టేబుల్ మీద పీతనూ, దాని పక్కన క్రీజ్ ప్యాటర్న్‌నూ పెట్టాను. రెండూ ఉండాలన్నది అక్కడి నియమం. సీతమ్మధార నుంచి వచ్చిన పెద్దాయన, నిర్వాహకుడు, కళ్ళజోడు నుదుటికి ఎక్కించి వృత్తాల మీద వేలుపెట్టి లెక్కపెట్టారు. తర్వాత కాళ్ళు.

"ఒకటి తగ్గింది," అన్నారు.

"అవునండి," అన్నాను. టేబుల్ ఖాళీ చెయ్యమంటే దేంట్లో సర్దుకుని వెళ్ళాలా అని చూస్తున్నాను.

ఆయన దాన్ని వెల్లకిలా తిప్పారు. గోటితో రేకు అంచును తడిమారు. "పొట్ట రేకు కోసం ఒక కాలు వదులుకున్నారన్నమాట. ధైర్యం కావాలి."

"పోతు పీతండి," అన్నాను. నాకు కచ్చితంగా తెలిసింది అదొక్కటే.

"వచ్చే ఆదివారం ఇది ఎలా మడవాలో అందరికీ చూపించండి."

సరేనన్నాను. చూపించాలంటే ముందు నాకు తెలియాలి. తెలియాలంటే పీతను విప్పాలి. విప్పితే పీత ఉండదు, ఆ నూగు లేచిన చోట మళ్ళీ మడతా నిలవదు. అందుకని రోజూ పాత పేపర్లను చదరంగా కత్తిరించి, అవే గీతలు గీసి, గురువారం చేతులు ఎలా వెళ్ళాయో గుర్తుచేసుకుంటూ మడుస్తున్నాను. గీతలు చేతికి అలవాటై రోజుకి రెండేసి అవుతున్నాయి, ఇప్పటికి పదకొండు పీతలయ్యాయి. అన్నిటికీ పది కాళ్ళూ వచ్చాయి.

"బాగానే వత్తన్నాయి కదరా," అంది అమ్మ, చీపురుతో వాటిని ఒక మూలకి తోస్తూ. "మరా మొకం ఏటి?"