చెవికి తగిలించుకున్న మైకు

తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్ళున్న ఆ రోజుల్లో, గోదావరిఖనిలో మా కార్మికుల కాలనీలో మగవాడికి పెద్ద గొంతుండడం విశేషమేమీ కాదు. బాయిలో (బొగ్గుగనిని మేమలాగే అంటాం) యంత్రాల హోరు మధ్య అరిచి అరిచి, ఇంట్లో మెల్లగా మాట్లాడినా నాలుగు క్వార్టర్లకు వినపడేది. మా నాన్నదీ అదే గొంతు. నాకు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చినట్టు పీలగొంతు వచ్చింది. అలాంటివాడిని పోయి పోయి కాలనీ ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరాను. నేను "సావధాన్" అంటే ముందు వరుస నిటారుగా నిలబడేది, వెనక వరుస ముచ్చట్లలో ఉండేది. "పంద్రాగస్టు నాడు గూడ గిట్లనే అయితే ఇజ్జత్ పోతది తమ్మీ. నీతోని కాకుంటే చెప్పు, ఇంకో సారును చూసుకుంట" అన్నారు హెడ్ సారు. ఆయనే మళ్ళీ జాలిపడి, మోసుకు తిరిగే బ్యాటరీ స్పీకరొకటి కొని, దానికి మైకు నన్నే తెచ్చుకోమన్నారు.

అలా నా నౌకరీ మైకు మీద నిలబడింది. చేత్తో పట్టుకునేది, కాలరుకు గుచ్చుకునేది, చెవికి తగిలించుకునేది, మూడూ నా ముందు పెట్టి దుకాణం అన్న "చేతిలదే తీస్కో సారూ, స్పీకర్ దగ్గరికి పోయినప్పుడు కూత పెడితే జల్ది బంద్ చెయ్యొచ్చు" అన్నాడు. నాకా మాట ఎక్కితేగా! చెవిదైతే టీవీలో పోటీలు నడిపేవాళ్ళలా కనిపిస్తాను (బడిలో లెక్కల టీచరమ్మ కూడా ఉండేది, ఆ సంగతి ఇంతటితో చాలు).

మర్నాడు ప్రార్థన కాగానే మైకు చెవికి తగిలించి, దాని డబ్బీని నడుం వెనక బెల్టుకు బిగించి, మీద చొక్కా వదిలి, ఠీవిగా స్పీకరు ముందుకు నడిచాను. అంతే, కూత మొదలైంది. అచ్చం బాయి సైరన్. నేను డబ్బీ మీది స్విచ్చి కోసం వెనక తడుముకుంటూ గిరగిరా తిరుగుతుంటే, కొత్త డ్రిల్లనుకుని పిల్లలూ తిరిగారు. హెడ్ సారు పరుగెత్తుకొచ్చి స్పీకరు ఆపేలోపే గేటు దగ్గర జనం పోగయ్యారు. వేళగాని వేళ సైరన్ మోగిందంటే మా దగ్గర అర్థం ఒకటే, బాయిలో ప్రమాదం. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్ళు లుంగీలతో, ఆడవాళ్ళు పిండి చేతులతో వచ్చేశారు. అందరికన్నా ముందు మా అమ్మ, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. నాన్న ఆ పూట డ్యూటీలో ఉన్నాడు.

"ఏ బాయిల కొడుకా? మీ నాయిన..." అంటూ నా చొక్కా పట్టుకుంది.

నా ప్రాణం పోయినంత పనైంది. మైకు పీకేసి "ఏం కాలేదే అవ్వా! బాయిల ఏం కాలే! గిది మా బడి మైకు!" అని అరిచాను. ఆఖరి క్వార్టరు దాకా వినపడిందట. అమ్మ అక్కడే కూలబడి, ఏడుస్తూనే నన్ను తిట్టడం మొదలుపెట్టింది. లుంగీతో వచ్చిన పెద్దాయనొకడు "నిద్రంత ఖరాబ్ జేస్తివి గదరా" అని నవ్వాడు. హెడ్ సారు నన్ను ఎగాదిగా చూసి "గింత గొంతు పెట్టుకొని మైకెందుకు తమ్మీ?" అన్నారు. నౌకరీ నిలిచింది.

ఆ గొంతు మళ్ళీ నాకెప్పుడూ రాలేదు. రావాల్సిన అవసరమూ పడలేదు, అదే నా అదృష్టం. ఇప్పటికీ వెనక వరుస పిల్లలు "సారూ, ఇనవడ్తలేదు" అంటారు. నాలో నేనే నవ్వుకుని, నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికే వెళ్తాను.